నోరు ఏ విభాగం కిందికొస్తుంది మంత్రిగారూ?

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రిగారికి నమస్కారాలు.

మీకు ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ అందినట్టు రసీదులున్నాయి. మూడోదానికైతే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ కూడా వచ్చింది. ఆ సమయానికి మా అక్క నొప్పికి మాట్లాడలేక, మంచినీళ్లు కావాలని కాగితం మీద రాసి చూపిస్తోంది.

అక్కకున్నది పెంఫిగస్ వల్గారిస్, అంటే నోట్లో, ఒంటిమీద పొక్కులు లేచి పుండ్లయ్యే జబ్బు. ఆ పేరు తెలియడానికే ఏడు నెలలు పట్టింది. పళ్ల విభాగానికి వెళ్తే పళ్లు బాగానే ఉన్నాయి, చర్మం వాళ్లకి చూపించండి అన్నారు. చర్మం వాళ్లు చేతులు, వీపు చూసి, ఒంటిమీద ఒక్క పొక్కూ లేదు, ఇక్కడికెందుకొచ్చారు అన్నారు. మధ్యలో బీ కాంప్లెక్స్ మాత్రలు, నోటిపూత జెల్లు. పొద్దున లేచేసరికి పెదవులు అతుక్కుపోయి ఉండేవి. తడిగుడ్డ పెట్టి నానబెడితే గానీ విడిపోయేవి కావు, అప్పుడూ నెత్తురే.

ఈ జబ్బు చాలామందికి నోట్లోనే మొదలవుతుంది. ఒంటిమీదికి రావడానికి నెలలు పట్టొచ్చు. కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే డెస్మోగ్లీన్ అనే ప్రోటీన్ మీద శరీరమే దాడి చేస్తుంది, పొర ఊడొచ్చేస్తుంది. నోరూ చర్మమూ వేరువేరు అంతస్తుల్లో ఉన్నాయని పాపం ఆ జబ్బుకెవరూ చెప్పలేదు.

చివరికి ఒకరు బయాప్సీ రాశారు. తీసిన ముక్కంతా, చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం సీసాలో వేశారు. పొరలో ఆ దాడి చేసే యాంటీబాడీలు చూసే ఇమ్యూనోఫ్లోరోసెన్స్ పరీక్షకు ఫార్మలిన్‌లో వేసిన ముక్క పనికిరాదట! అసలే పచ్చి పుండుగా ఉన్న నోట్లో, దాని పక్కనే రెండోసారి కోశారు. ఆ రోజు అక్క నా చెయ్యి పట్టుకున్న పట్టు ఇంకా గుర్తుంది. స్టెరాయిడ్లు రాకముందు ఈ జబ్బుతో చాలామంది చనిపోయేవారని ఆ తర్వాత తెలిసింది. మందులున్న కాలంలో పుట్టి కూడా ఏడు నెలలు జెల్లు రాసుకుంటూ కూర్చున్నాం.

ఓపీ బయట అక్కలాంటివాళ్లు ఇంకా కనిపించారు. బుగ్గల లోపల తెల్లటి వలలాంటి గీతలతో లైకెన్ ప్లేనస్ అనే జబ్బున్నవాళ్లు. చిగుళ్ల పొర ఊడొస్తున్న, పెంఫిగాయిడ్ అనే మరో జబ్బున్న ఆవిడ ఒకరు. అది కంటిదాకా పాకితే చూపే పోవచ్చు, అంటే ఆవిడకి మూడో విభాగం కూడా ఉందన్నమాట.

మీ స్కీమ్ సంగతి మీకు చెప్పేంతవాణ్ని కాదు. "అన్ని విభాగాలూ ఒకే గదిలో" అని ప్రారంభం రోజు మీరే అన్నారు. ఆ గది ఎక్కడుందో చెప్పండి చాలు, మేమే వెతుక్కుంటూ వెళ్తాం. వారానికి ఒక్కరోజు పళ్ల డాక్టరూ చర్మం డాక్టరూ పక్కపక్కన కూర్చుంటే ఏం పోతుంది సార్? బయాప్సీకి సరైన సీసా పెట్టించండి. ఏదో ఒకటి చెయ్యండి.

నా మొదటి అర్జీని పళ్ల విభాగానికి పంపారు. వాళ్లు చర్మ విభాగానికి పంపారు. దయచేసి ఈ ఉత్తరాన్ని ఎవరికీ పంపకండి. మీరే చదవండి.

ఇట్లు,
ఒక పేషెంట్ తమ్ముడు