అప్‌డేట్లు ఆపమని చెప్పకండి

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ పత్రికలో కంప్యూటర్ వేగం పెంచుకునే చిట్కాలు వేశారు. విండోస్ అప్‌డేట్లను పూర్తిగా ఆపేయమన్నది అందులో ఒకటి. ఎలా ఆపాలో బొమ్మలతో సహా చూపించారు. అది చూసి ఎంతమంది ఆపేశారో తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ ఎదురుచూశాను. వేయలేదు కాబట్టి రాయక తప్పడం లేదు.

మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం సెక్యూరిటీ లోపాలను సరిచేసే అప్‌డేట్లు విడుదల చేస్తుంది. హ్యాకర్లు కూడా వాటి కోసమే కాచుకుని ఉంటారు. పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూస్తే లోపం ఎక్కడుందో వాళ్లకు తెలిసిపోతుంది. అంటే అప్‌డేట్ వచ్చాక కూడా వేసుకోని కంప్యూటర్‌కు ముందుకన్నా ప్రమాదం పెరుగుతుంది. సపోర్ట్ ముగిసిన, అంటే కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం ఆపేసిన విండోస్ పరిస్థితి ఇంకా అన్యాయం. కొత్త వెర్షన్‌లో బయటపడిన లోపం చాలాసార్లు పాతదాంట్లోనూ ఉంటుంది, కానీ అక్కడ సరిచేసే దిక్కుండదు.

ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై వైరస్ సంగతి అప్పుడే మరిచిపోయామా? దాన్ని ఆపగలిగే అప్‌డేట్ 2017 మార్చి 14నే వచ్చింది. దాడి జరిగింది మే 12న. మధ్యలో దాదాపు రెండు నెలల వ్యవధి ఉంది! అయినా ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఆస్పత్రులు, ఇతర వైద్య సేవలు నడిపే 236 ట్రస్టుల్లో కనీసం 80 దెబ్బతిన్నాయి. వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. కొన్నిచోట్ల అత్యవసర రోగులను వేరే ఆస్పత్రులకు పంపాల్సి వచ్చింది. అక్కడ చిక్కుకున్నవాటిలో ఎక్కువ భాగం అప్పటికి సపోర్ట్ ఉన్న విండోస్ 7 కంప్యూటర్లే. వచ్చిన అప్‌డేట్ వేసుకోలేదు, అంతే.

2024 జులైలో అప్‌డేట్ వల్లే కదా 85 లక్షల కంప్యూటర్లు ఆగిపోయాయి అని కొందరంటారు. అది క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు పంపినది, విండోస్ అప్‌డేట్ కాదు. ఆఫీసుల్లోనైతే ముందు నాలుగైదు కంప్యూటర్లలో వేసి చూసి, తర్వాత మిగతావాటిలో వేయాలి. ఇంట్లోనైతే ముఖ్యమైన ఫైళ్లకు బ్యాకప్ తీసుకోవాలి. అంతేగానీ అసలుకే ఆపేస్తారా?

మిమ్మల్ని ఒక్కరినే అని లాభం లేదు. ఈమధ్య ఒక ప్రభుత్వ కార్యాలయానికి ధ్రువపత్రం కోసం వెళ్లాను. కౌంటర్‌లో స్క్రీన్ అంతా నల్లగా ఉంది, కింద కుడిమూల ఈ విండోస్ కాపీ అసలైనది కాదన్న హెచ్చరిక. విండోస్ 7! దాని సపోర్ట్ 2020 జనవరి 14తోనే ముగిసింది. లైన్లో ఉన్నవాళ్లందరి పెన్‌డ్రైవ్‌లూ ఒకదాని తర్వాత ఒకటి అందులోనే పెడుతున్నారు. మన గుర్తింపు కార్డులు, బ్యాంకు వివరాలు అన్నీ అందులోనే. అడిగితే “పైనుంచి రావాలండీ” అన్నారు. కంప్యూటర్లు కొనడానికి టెండర్లు పిలుస్తారు, ప్రారంభోత్సవాలకు ఫొటోలు దిగుతారు. తర్వాత వాటి ఆలనాపాలనా చూసే నాథుడుండడు. ప్రజల వివరాలు దాచే ప్రతి కార్యాలయం తన కంప్యూటర్లకు సపోర్ట్ ఎప్పటివరకు ఉందో నోటీసు బోర్డు మీద పెట్టాలి. అది తెలుసుకునే హక్కు మనకుంది.

మీరు రాయాల్సిన అసలు విషయం విండోస్ 10 గురించి. 2015లో వచ్చిన దానికి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరినవాళ్లకు మాత్రమే గడువు పెంచారు. బాగా పనిచేస్తున్న చాలా కంప్యూటర్లు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేకపోవడం వల్లో, ప్రాసెసర్ పాతదవడం వల్లో విండోస్ 11కు పనికిరావంటున్నారు. ఇది కొన్నవాళ్ల తప్పు కాదు, ఈ విషయంలో నాకు కంపెనీ మీదా కోపమే. అలాంటి వాళ్లకు విండోస్ బదులు ఉచితంగా వేసుకోగలిగే లైనక్స్ ఉందని చెప్పండి. అందులో ఒక రకమైన ఉబుంటులో, ఎక్కువకాలం సపోర్ట్ ఉండే ఎల్‌టీఎస్ వెర్షన్లకు ఐదేళ్ల పాటు ఉచితంగా అప్‌డేట్లు వస్తాయి. విండోస్ 11 ఉందిలే అని నిశ్చింతగా కూర్చున్నవాళ్లకూ ఒక మాట చెప్పాలి. అందులో హోమ్, ప్రో రకాలు వాడేవాళ్లకు ఏటా వచ్చే ఒక్కో వెర్షన్‌కు సపోర్ట్ రెండేళ్లే. స్టార్ట్ మెనూలో విన్‌వర్ (winver) అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే ఏ వెర్షన్ ఉందో కనిపిస్తుంది.

ఆ చిట్కా తప్పని వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. ఆపేసిన అప్‌డేట్లను తిరిగి ఎలా ఆన్ చేయాలో కూడా బొమ్మలతోనే చూపించండి.

— ఒక పాఠకుడు