బంట్ వద్దన్న పెద్దమనిషి

ఒరేయ్ సీనూ,

కోపంగా ఉన్నావని తెలుసు. నీ ఉత్తరం ఎప్పుడో అందింది, జవాబే ఆలస్యమైంది. మార్చి అంటే ఇక్కడ జపాన్‌లో ఏడాది లెక్కల ముగింపు, ఆఫీసులో తల ఎత్తనివ్వరు. తిట్లేమైనా ఉంటే ఫోన్లో తిట్టుకుందువుగాని. అందరం బాగున్నాం. బుజ్జిది ఒకటో తరగతిలో చేరింది, అమ్మ మోకాలు పర్లేదు, నువ్వు పంపిన గోంగూర పచ్చడి సగం మా పక్కింటాయనే లాగించాడు. ఆయన గురించే ఇప్పుడు చెప్పబోయేది... కాదు, ఆయన కూడా ఉన్నాడు ఇందులో.

బేస్‌బాల్ రా! నవ్వకు, పూర్తిగా చదువు.

2023 మార్చి 21 ఇక్కడ సెలవు. మయామీలో రాత్రి మ్యాచంటే మాకు పొద్దున ఎనిమిది. దేశాల మధ్య జరిగే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ సెమీఫైనల్, జపాన్‌కీ మెక్సికోకీ. పక్కింటాయన పిలిస్తే మొహమాటానికి వెళ్లాను. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కి జపాన్ 4-5తో వెనకబడి ఉంది. జపాన్ స్టార్ ఒహ్తానీ బంతిని బాదాడు, పరిగెడుతూనే హెల్మెట్ పీకి పారేశాడు, రెండో బేస్ మీద నిలబడి జట్టు కూర్చునే డగౌట్ వైపు చేతులూపుతూ ఒకటే అరుపులు. తర్వాత యోషిదాకి వాక్ దొరికింది, అంటే కొట్టకుండానే మొదటి బేస్‌కి వెళ్లాడు. ఇద్దరు బేస్‌ల మీద, ఔట్లు సున్నా. అప్పుడొచ్చాడు మురకామి.

2022లో ఇక్కడి లీగులో 56 హోమ్‌రన్లు, అంటే మన సిక్సర్లలాంటివి, కొట్టినవాడు వీడు. ఈ టోర్నీలో మాత్రం బంతి కనపడితే ఒట్టు. ఆ మ్యాచ్‌లోనే మూడుసార్లు స్ట్రైకౌట్, అంటే బంతిని కొట్టలేకే ఔట్. పక్కింటాయన టీవీ వైపు చూస్తూ "బంట్, బంట్" అని గొణుగుతున్నాడు. బ్యాట్ అడ్డంపెట్టి బంతిని మెల్లగా ముందు పడేస్తారన్నమాట. కొట్టినవాడు ఔటైనా ముందున్న ఇద్దరూ ఒక్కో బేస్ జరుగుతారు. ఆ పరిస్థితిలో ఎవరైనా చేసే పని అదే. జపాన్ మేనేజర్ కురియామా హిదెకి అందుకోసం మకిహరా అనే ఆటగాణ్ణి సిద్ధంగా కూడా ఉంచాడట. చివరికి మాత్రం కోచ్‌ని పంపి మురకామికి ఒక్కటే కబురు: నీకే వదిలేశాను, కొట్టెయ్ అని.

కొట్టాడు. మైదానం చివరి గోడకి తగిలింది. బేస్‌ల మీదున్న ఇద్దరూ పరుగు తీసేశారు. 6-5!

లిఫ్ట్‌లో కనపడితే తల వంచడం తప్ప నోరు విప్పని మా పక్కింటాయన చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు రా.

అందరూ ఆ నమ్మకం, నమ్మకం అంటున్నారు గానీ నాకు గుచ్చుకున్నది వేరే. యోషిదా బదులు పరిగెత్తడానికి కురియామా షూతో అనే ఆటగాణ్ణి దింపాడు చూడు, అదీ తెగింపంటే. ఏడో ఇన్నింగ్స్‌లో మూడు పరుగుల హోమ్‌రన్‌తో స్కోరు సమం చేసిందే యోషిదా. ఈ ఆటలో బయటికెళ్లినవాడు మళ్లీ రాకూడదు. స్కోరు సమమై ఆట సాగితే ఆ బ్యాట్ ఉండదు. అంటే పెద్దమనిషి గెలుపుకే ఆడాడు, టైకి కాదు. షూతో మొదటి బేస్ నుంచి ఒహ్తానీ వీపు మీద పడిపోతాడేమో అన్నట్టు వచ్చి హోమ్ బేస్‌కి చేరాడు. పైగా మురకామి మీద ఆయనకున్నది గుడ్డి నమ్మకమేం కాదు, క్వార్టర్‌ఫైనల్లోనే నాలుగో స్థానం నుంచి ఐదుకి దించాడు. అదే మురకామి కొట్టిన ఆ బంతికి డబుల్ ప్లే అయ్యుంటే, అంటే ఒక్క బంతికే ఇద్దరు ఔటయ్యుంటే? ఈయన్ని పేపర్లు ఉతికి ఆరేసేవి.

కురియామా ఆటగాడిగా పెద్ద పేరున్నవాడు కాడు. తల తిరిగే మెనియర్స్ జబ్బుతో 1990లోనే ఆట మానేశాడు. తర్వాత నిప్పన్‌హామ్ ఫైటర్స్ మేనేజర్‌గా కుర్ర ఒహ్తానీ చేత బంతీ వేయించి, బ్యాటూ పట్టించింది ఈయనే. రెండూ కుదరవని అప్పట్లో పెద్దలు పెదవి విరిచారు. ఈసారి జట్టుకి కెప్టెన్నే పెట్టలేదు, అందరూ కెప్టెన్లేనట. మన క్లబ్బులో అలా అంటే టాస్‌కి పదకొండు మందీ వెళ్లేవాళ్లు, ముందు మన "చైర్మన్ గారు". ఆటగాళ్లకి స్వయంగా తన చేత్తో ఉత్తరాలు రాశాడట కూడా. నాకేమో నీకొక్కడికి రాయడానికే...

మర్నాడు ఉగాది, అమెరికాతో ఫైనల్. వేపపువ్వు దొరకలేదు, పచ్చడి ఎలాగో అయిందనిపించాం. మ్యాచ్‌కి ముందు ఒహ్తానీ డ్రెస్సింగ్ రూమ్‌లో, అవతలున్న స్టార్లని ఈ ఒక్కరోజు ఆరాధించడం మానేద్దాం అన్నాడు. వెంటనే నువ్వు గుర్తొచ్చావు. కాకినాడ మ్యాచ్, అవతలి ఫాస్ట్ బౌలర్‌తో ఫొటో దిగి, మొదటి బంతికే... సరే, ఎత్తనని ఒట్టేశాను.

అయ్యో, పోస్టాఫీసు ఐదింటికి మూసేస్తారు! ఫైనల్ 3-2తో జపాన్‌దే. ఆఖరి బంతి ఒహ్తానీ వేసింది అమెరికా బ్యాటర్ ట్రౌట్‌కి, అప్పట్లో ఇద్దరూ అమెరికాలో ఒకే క్లబ్బు, మూడు బాల్స్ రెండు స్ట్రైకులు, అంటే ఇంకొక్క స్ట్రైక్ పడితే ఔట్, ఆ బంతి తిరిగిన తిరుగుడుందే... మిగతాది ఫోన్లో.

నీ
వాసు