ఫీజు చెప్పేవాళ్లు జీతం కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

నేను జర్నలిజం పీజీ పూర్తిచేసి ఏడేళ్లయింది. దానికోసం తీసుకున్న అప్పు తీరడానికి ఇంకా నాలుగేళ్లు పడుతుంది. ప్రస్తుతం ఒక పత్రిక డెస్క్‌లో సబ్ ఎడిటర్‌ని, అంటే విలేకరులు పంపిన వార్తలు దిద్దే పని. పోయిన వారం మా అన్నయ్య కూతురు అదే కోర్సు బ్రోచర్ పట్టుకొచ్చి, "అత్తా, చేరమంటావా?" అని అడిగింది. వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. ఆ రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక నా లోన్ స్టేట్‌మెంట్‌ని, ఆ బ్రోచర్‌ని పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను.

బ్రోచర్‌లో ఫీజు ఉంది, స్టూడియో ఫొటోలున్నాయి. "మా విద్యార్థులు చాలామంది మీడియా రంగంలో స్థిరపడ్డారు" అన్న వాక్యం ఉంది. కింద నలుగురి ఫొటోలు. ఆ బ్యాచ్‌లో ఎంతమంది చేరారో, అందులో ఎంతమంది ఇప్పుడు న్యూస్‌రూమ్‌లో ఉన్నారో, మొదటి ఏడాది చేతికి ఎంత వచ్చిందో, ఎంత అప్పుతో బయటికొచ్చారో ఎక్కడా లేదు.

కోర్సులో చేరిన మొదటి నెలలో నేనొక వార్త రాశాను. "చాలామంది ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు" అన్నాను. మా మాస్టారు "చాలామంది" చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, మార్జిన్‌లో "ఎంతమంది? ఎవరు లెక్కపెట్టారు?" అని రాశారు. గట్టిగా గీసినట్టున్నారు, మొన విరిగి అక్కడ చిన్న మచ్చ పడింది. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను. ఆ ప్రశ్న కాలేజీని అడగాలని ఇరవై రెండేళ్ల వయసులో నాకు తోచలేదు. తోచకపోవడం పిల్లల తప్పని నేననుకోను. అడగకపోయినా చెప్పాల్సిన బాధ్యత ఫీజు తీసుకునేవాళ్లదే.

అప్పు లెక్క కాస్త విడమరిచి రాస్తాను, ఎందుకంటే నాకెవరూ చెప్పలేదు. వంద అప్పు చేశారనుకోండి. ఏటా నూటికి పది వడ్డీ. రెండేళ్ల కోర్సు కాబట్టి ఏటా మొదట్లో సగం చొప్పున తీసుకుంటారు. చదువయ్యాక ఇంకో ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు, దాన్ని మారటోరియం అంటారు. కట్టక్కర్లేదంటే వడ్డీ కూడా ఆగుతుందనుకున్నాం మా ఇంట్లో అందరం. ఆగదు. బారువడ్డీయే వేసినా వాయిదాలు మొదలయ్యే నాటికి ఆ వంద 125 అవుతుంది. పదేళ్లలో తీరిస్తే మొత్తం కట్టేది 198. మొదటి వాయిదాలో నూటికి 63 వంతులు వడ్డీకే పోతాయి, అసలుకి చేరేది 37. నా స్టేట్‌మెంట్‌లో మొదటి రెండేళ్లూ అసలు కదిలినట్టే కనిపించదు.

మొత్తం అప్పు మొదటి ఏడాది జీతాన్ని దాటకూడదని ఒక మోటు లెక్క ఉంది. పై లెక్క ప్రకారం అప్పు సరిగ్గా ఏడాది జీతమంత ఉంటే నెలనెలా జీతంలో దాదాపు అయిదో వంతు వాయిదాకి పోతుంది. రెండింతలుంటే అయిదింట రెండు వంతులు. నాది ఆ రెండో రకం.

డబ్బు ఇబ్బంది ఒక్కటే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. నాకు రిపోర్టింగ్ ఇష్టం. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాదిలో ఒక మంచి బృందం నన్ను ఫ్రీలాన్స్‌గా, అంటే నెల జీతం లేకుండా రాసిన వార్తకే డబ్బిచ్చే పద్ధతిలో పిలిచింది, నెలల తరబడి ఒకే అంశం మీద తిరిగి రాసే పని. వాళ్ల డబ్బు వార్త అచ్చయ్యాక ఎప్పుడో వస్తుంది. నా వాయిదా మాత్రం అయిదో తారీఖున కట్టాలి. వద్దని చెప్పి డెస్క్‌లోనే ఉండిపోయాను. మా బ్యాచ్‌లో నాతో ఇప్పటికీ మాట్లాడే పదకొండు మందిలో వార్తల పనిలో ఉన్నది ముగ్గురమే. మిగతావాళ్లు కంపెనీల ప్రచారం చూసే పీఆర్‌ పనికో, ప్రకటనలకో, వేరే ఉద్యోగాలకో వెళ్లారు. వెళ్లినవాళ్లలో మాకంటే బాగా రాసేవాళ్లున్నారు. ఇంట్లో డబ్బున్నవాళ్లే ఈ పనిలో నిలబడగలిగితే, లేనివాళ్ల కష్టం గురించి ఎవరు రాస్తారు? నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

కోర్సు వృథా అని మాత్రం అనను. పరువునష్టం చట్టం, కోర్టు వార్త రాసే పద్ధతి, ఒక పత్రాన్ని అనుమానంగా చదవడం అక్కడే నేర్చుకున్నాను. కానీ డాక్టరుకీ లాయరుకీ ఉన్నట్టు విలేకరికి డిగ్రీ తప్పనిసరి కాదు. డిగ్రీ లేకుండా కూడా తెరుచుకునే తలుపు కోసం ఎంత అప్పు చేయాలన్నది ముందే ఆలోచించుకోవాలి.

అలా ఆలోచించడానికి అంకెలు కావాలి. అమెరికా విద్యాశాఖ 2019 నుంచి కాలేజ్ స్కోర్‌కార్డ్ వెబ్‌సైట్‌లో కోర్సులవారీగా సంపాదన, అప్పు పక్కపక్కనే చూపిస్తోంది. ప్రభుత్వ సాయం తీసుకున్న విద్యార్థుల లెక్కలే ఉంటాయి కాబట్టి అది పూర్తి చిత్రం కాదు. అయినా అందులో ఇచ్చేది సగటు కాదు, అందరినీ జీతాల వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండే మనిషి సంపాదన. సగటైతే ఒక్క పెద్ద జీతం అందరినీ పైకి లాగేస్తుంది. ఆ మధ్య మనిషి అంకె ప్రతి బ్రోచర్‌లోనూ ఫీజు పక్కనే ఉండాలి.

మీ పత్రిక కూడా అడ్మిషన్ల రోజుల్లో ప్రత్యేక పేజీలు వేస్తుంది. కాలేజీల వివరాలు అచ్చువేసే ముందు సంపాదన, అప్పు ఈ రెండు అంకెలూ అడగండి. ఇవ్వకపోతే "ఇవ్వలేదు" అని వేయండి. మా అన్నయ్య కూతురూ నేనూ కలిసి ఆ కాలేజీకి ఉత్తరం రాశాం. జవాబు వచ్చేదాకా దరఖాస్తు నింపనని తను చెప్పింది.

ఇట్లు,
ఒక సబ్ ఎడిటర్
(పేరు ప్రచురించవద్దని మనవి)