2024–25 వార్షిక నివేదిక: బోరు, మ్యాన్‌హోళ్లు, స్కౌట్ దళం

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక బోరు, మ్యాన్‌హోళ్లు, మెయింటెనెన్స్ బకాయిల చుట్టూనే తిరుగుతుంది. ఈసారీ అవి ఉన్నాయి, చివర్లో చెబుతాను. కానీ ఈ ఏడాది కార్యవర్గ సమావేశాల్లో ఎక్కువ సమయం తిన్నదీ, వాట్సాప్ గ్రూపులో ఎక్కువ మాటలు పడ్డదీ మన స్కౌట్ దళమే. "పిల్లలకు ఇప్పుడు ఇదొకటి అవసరమా?" అని పోయినేడు సర్వసభ్య సమావేశంలో అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను. చేతులెత్తమన్నప్పుడు వద్దన్నవాళ్లతోనే ఎత్తాను. అందుకే ఈ సంగతి నేనే రాస్తానని అడిగి మరీ తీసుకున్నాను.

రెండో లైను చివరింట్లో ఉండే పెద్దాయన రైల్వేలో గార్డుగా రిటైరయ్యారు. పిల్లలకు ఆయన గార్డు తాత. సికింద్రాబాదు రైల్వే కుటుంబాలకు స్కౌటింగ్ కొత్త కాదు. జాతీయ స్కౌట్ సంస్థ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో దక్షిణ మధ్య రైల్వేకు ఒక రాష్ట్రంతో సమానంగా సొంత శాఖ ఉంది. ఆ అలవాటుతోనే ఆయన, ఏ బడితోనూ సంబంధం లేని ఓపెన్ గ్రూపు మన పార్కులో పెడదామన్నారు. మగపిల్లలకు స్కౌట్ దళం, ఆడపిల్లలకు గైడ్ దళం విడిగా ఉండాలి కాబట్టి, టీచరుగా పనిచేసే మన సభ్యురాలు ఒకరు బేసిక్ కోర్సు చేసి గైడ్ కెప్టెన్ అయ్యారు. రిజిస్ట్రేషన్ కాగితాలు మూడుసార్లు వెనక్కి వచ్చాయి. అందులో ఒకసారి తప్పు మాదే, సంతకం పెట్టడం మర్చిపోయాను.

మొదటి ఆదివారం 31 మంది వచ్చారు. ఇప్పుడు 19 మంది ఉన్నారు. మానేసినవాళ్లలో మా అబ్బాయి ఒకడు. మూడు వారాలు వెళ్లి, "నాన్నా, పొద్దున్నే ఈల వింటే చిరాకేస్తోంది" అన్నాడు. బలవంతం చేయలేదు. తక్కినవాళ్లలో ఎక్కువమంది తొమ్మిదో తరగతి ఫౌండేషన్ కోచింగులకు వెళ్లిపోయారు. వాళ్ల తల్లిదండ్రులను తప్పుపట్టే ఉద్దేశం లేదు. మేమూ ఆ క్యూలో నిలబడ్డవాళ్లమే.

చాలామంది అడిగిన మొదటి ప్రశ్న, "దీనికి మార్కులేమైనా కలుస్తాయా?" ప్రవేశ్ అనే తొలి మెట్టు నుంచి మొదలుపెట్టి ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు దాటితే రాజ్య పురస్కార్, ఆపైన రాష్ట్రపతి అవార్డు. రైల్వేలో స్కౌట్స్ కోటా కింద ఉద్యోగాలూ ఉన్నాయి, అవి కొద్దిపాటి పోస్టులే. ఆ మెట్లెక్కడానికి ఏళ్లు పడుతుంది. సర్టిఫికెట్ కోసమే అయితే ఇంతకంటే దగ్గరి దారులు చాలా ఉన్నాయని గార్డు తాతే మొహమాటం లేకుండా చెప్పారు. ఆ రోజే నలుగురు ఫారాలు వెనక్కి తీసుకున్నారు.

ఉపయోగం గురించి ఒక సభ్యుడు ఒక అధ్యయనం పట్టుకొచ్చారు. ఎడిన్‌బరో, గ్లాస్గో విశ్వవిద్యాలయాల వాళ్లు 2016లో ప్రచురించారు. 1958లో బ్రిటన్‌లో పుట్టిన దాదాపు పదివేల మంది జీవితాల్ని చూస్తే, చిన్నప్పుడు స్కౌట్స్‌లోనో గైడ్స్‌లోనో ఉన్నవాళ్లకు 50 ఏళ్ల వయసులో ఆందోళన, కుంగుబాటు లాంటివి ఉండే అవకాశం 15 శాతం దాకా తక్కువగా కనబడిందట. బాగుంది. అయితే అక్కడ చేరిన పిల్లలు మొదటి నుంచే కాస్త కుదురైన ఇళ్లవాళ్లేమో, ఘనత స్కౌటింగ్‌దో ఇంటిదో విడదీయడం కష్టం. నేను దాన్ని పట్టుకుని మనసు మార్చుకోలేదు.

మార్చుకున్నది మ్యాన్‌హోల్ దగ్గర.

జులైలో గార్డు తాత పిల్లలతో కాలనీ మ్యాపు గీయించారు. పార్కు గోడ పక్కన 30 మీటర్లు టేపుతో కొలిచి, ఆ దూరానికి తన అడుగులు ఎన్నో ప్రతివాళ్లూ లెక్కపెట్టుకున్నారు. తర్వాత ఆరుగురేసి జట్టుగా విడిపోయి, చేతిలో దిక్సూచి పట్టుకుని, ఒక్కో లైనూ అడుగులతో కొలిచారు. నాలుగు చార్టులు అతికించి గీసిన ఆ మ్యాపులో ట్రాన్స్‌ఫార్మర్, నీళ్ల వాల్వులు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లు అన్నీ గుర్తులతో ఉన్నాయి. మూడో లైనులో ఒకచోట "ఇక్కడి కుక్క కరుస్తుంది" అని కూడా రాసి ఉంది. నిజమే, కరుస్తుంది.

గీస్తూ గీస్తూ వాళ్లకో తేడా తగిలింది. మన పాత ప్లానులో వాననీటి కాలువకు 22 మ్యాన్‌హోళ్లు. రోడ్డు మీద వాళ్లకు దొరికినవి 19. మిగతా మూడూ సీసీ రోడ్డు వేసినప్పుడు కింద పూడిపోయాయి. ఆ మూడు చోట్లా ప్రశ్నార్థకం గుర్తు పెట్టి, కాగితం రాసి మరీ నాకు ఇచ్చారు. నేను ఫైల్లో పెట్టాను. ఆ తర్వాత ఏం జరిగిందో ఊహించుకోవచ్చు, ఏమీ జరగలేదు.

సెప్టెంబరు 1 ఆదివారం. రాత్రంతా వాన. పొద్దున ఏడింటికి రెండో లైనులో మోకాలి లోతు నీళ్లు. 2020 అక్టోబరు వరద గుర్తున్నవాళ్లు అప్పటికే ఫ్రిజ్‌ల కింద ఇటుకలు పెడుతున్నారు. గార్డు తాత ఆ రోజు మీటింగు రద్దు చేసి, పిల్లలెవరూ గడప దాటొద్దని ఫోన్లు చేయించి, మ్యాపు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మా ఇంటికొచ్చారు. "ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తూర్పుకు మా మూడో జట్టు అడుగులు అరవై రెండు" అన్నారు. నీళ్లలో తడుముకుంటూ కొలిచాం. మేస్త్రీ గడ్డపారతో పొడిస్తే రెండడుగుల తేడాలో మూత శబ్దమిచ్చింది. పైనున్న సిమెంటు పగలగొట్టి తెరిచేసరికి ముప్పావుగంట పట్టింది. ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతి, పక్కన మనిషిని కాపలా పెట్టాం. మధ్యాహ్నానికి నీళ్లు చీలమండల కిందికి దిగాయి. ఈలోపు పిల్లలు ఇళ్లలోంచే, మ్యాపులో గుర్తుపెట్టిన పెద్దవాళ్లందరికీ ఫోన్లు చేసి, మందులు ఎవరికి కావాలో, పాలు ఎవరికి లేవో రాసిపెట్టారు. జులై కాగితాన్ని పట్టించుకోని తప్పు పూర్తిగా నాది. మిగతా రెండు మూతలూ అక్టోబరులో పైకి తీయించాం.

ఇక భద్రత. తల్లులు అడిగిన ప్రశ్నల్లో అన్నిటికంటే గట్టిది ఇదే, అడగడమే సరైంది. అమెరికాలో పెద్ద స్కౌట్ సంస్థ 2020లో దివాలాకు వెళ్లింది, చిన్నప్పుడు తమపై లైంగిక దాడి జరిగిందంటూ 80 వేల మందికి పైగా ముందుకొచ్చారు. మంచి పేరున్న సంస్థ కదా అని కళ్లు మూసుకోకూడదు. మన దళంలో ఏ పెద్ద మనిషీ ఒక్క పిల్లతోనో పిల్లాడితోనో ఒంటరిగా ఉండకూడదు, ప్రతి మీటింగుకూ కనీసం ఇద్దరు పెద్దవాళ్లుండాలి, తల్లిదండ్రులు ఎప్పుడైనా చెప్పకుండా రావచ్చు. ఇద్దరు పెద్దవాళ్లు లేక రెండు ఆదివారాలు మీటింగులు ఆపేశాం. అంటే దీని అసలు ఖరీదు డబ్బు కాదు, మన ఆదివారాలు. తమ ఆదివారం వదులుకోలేని ఇంట్లో పిల్లాడొక్కణ్నే పంపితే లాభం సగమే అన్నది నా అభిప్రాయం.

వాచ్‌మన్ పిల్లల విషయం కూడా దాచను. "వాళ్లనీ ఇందులోనే చేరుస్తారా?" అని ఒకరిద్దరు అడిగారు. అందుకు జవాబు చరిత్రలోనే ఉంది. 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో, స్కౌటింగ్‌కు ఆద్యుడైన బేడెన్ పావెల్ పెట్టిన మొదటి శిబిరానికి ఇరవై మంది దాకా పిల్లలు వచ్చారు. గొప్పింటి పిల్లల్నీ కూలీల పిల్లల్నీ కావాలనే కలిపి ఒకే గుడారాల్లో పడుకోబెట్టాడాయన. అదే స్కౌటింగ్ 1909లో బెంగళూరుకు వచ్చినప్పుడు భారతీయ పిల్లల్ని మాత్రం రానివ్వలేదు. ఆ అవమానంలోంచే అనీబిసెంట్, మదన్‌మోహన్ మాలవీయ లాంటివాళ్లు మన పిల్లల కోసం వేరే దళాలు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1950 నవంబరు 7న, ఆ స్కౌట్ పాయలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. గేటు బయట నిలబెడితే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం, మన గేటు దగ్గర అదే పని చేయలేం. కార్యవర్గం ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఇప్పుడు గైడ్ దళంలో ఒక జట్టుకు నాయకురాలు వాచ్‌మన్ పెద్దమ్మాయే. అరవై రెండు అడుగులు ఆమెవే.

డిసెంబరులో అనంతగిరిలో రెండు రాత్రుల శిబిరం. మూసీ పుట్టే కొండలవి. నెగడు దగ్గర గార్డు తాత 1908 మూసీ వరద కథ చెప్పారు. చింతచెట్టెక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకునే కథ. ఉస్మానియా ఆసుపత్రిలో ఆ చెట్టు ఇంకా ఉందంటే పిల్లలు నమ్మలేదు. వెళ్లి చూపించాలి. ఉప్మా ఉండలు కట్టింది, అయినా గిన్నె ఖాళీ అయింది. రెండోరోజు ఊరిపక్క ఈతవనంలో పిల్లలు క్లోవ్ హిచ్, బోలైన్ ముడులు వేస్తుంటే అటుగా వచ్చిన కల్లు గీసే గౌడన్న ఒకాయన కాసేపు చూసి నవ్వాడు. తన మోకు విప్పి, నడుం చుట్టూ తిప్పి, చెట్టుకు బిగించి ఒక్కసారి వెనక్కి వాలి చూపించాడు. "మీ ముడి పరీక్షకు, నాది పాణానికి" అన్నాడు. పిల్లలు మిగిలిన పొద్దంతా ఆ ముడి మీదే ఉన్నారు. మూడోరోజు పొద్దున తల్లిదండ్రులను రమ్మంటే, పిల్లల కంటే టిఫిన్ బాక్సులు ఎక్కువొచ్చాయి. వచ్చే ఏడాది ఆ ముచ్చట వద్దని మనవి.

స్కౌట్లు రోజుకో మంచి పని చేయాలన్న నియమం వల్ల జరిగిన నష్టం కూడా చెప్పాలి. మే నెలలో ఒక బాబు, ఎవరూ చెప్పకుండానే బోరు మోటారు వేసి, ఎవరికీ చెప్పకుండా ట్యూషన్‌కు వెళ్లాడు. ఓవర్‌హెడ్ ట్యాంకు రెండు గంటలు పొర్లింది. ఇప్పుడు స్విచ్చుకు టైమరు పెట్టించాం.

మిగతావి: బోరు పూడిక తీయించి మరో 40 అడుగులు దించాం, నీళ్లు పర్వాలేదు. నాలుగు సీసీ కెమెరాల్లో ఒకటి పనిచేయడం లేదు. బతుకమ్మ అన్ని లైన్లవాళ్లూ కలిసి ఆడారు, లైటింగ్ ఖర్చు తగ్గింది. స్కౌట్ దళానికి సంఘం నిధి నుంచి రూ. 14,600 ఖర్చయింది. తాళ్లు, గుడారాల అద్దె, ప్రథమ చికిత్స పెట్టె, ఇద్దరు పిల్లల శిబిరం రుసుము అందులోనే. మెయింటెనెన్స్ బకాయిల జాబితా నోటీసు బోర్డు మీద ఉంది, పేర్లు ఇక్కడ రాయను.

అనంతగిరికి తీసుకెళ్లిన సంఘం వంట సామాను స్టోరు రూముకు చేరింది, పెద్ద సిల్వరు గిన్నె ఒక్కటి తప్ప. ఎవరింట్లో ఉన్నా దయచేసి తెచ్చివ్వగలరు. ఆదివారం మళ్లీ ఉప్మా ఉంది.

కార్యదర్శి,
కాలనీ సంక్షేమ సంఘం