లాప్‌టాప్ కొనేముందు, చిన్నాకి అమ్మ రాసిన ఉత్తరం

చిన్నాకి,

అమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో ఆ గేమింగ్ లాప్‌టాప్ గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పావు. సివిల్ ఇంజనీరింగ్ కదా, కొనిచ్చేద్దాం అన్నారు మీ నాన్న. నేనే ఆగమన్నాను. డబ్బుల గురించి కాదు, 70 వేలు పక్కన పెట్టే ఉంచాం. ఇన్నేళ్లుగా తెనాలిలో డీటీపీ సెంటర్ నడుపుతూ కూడా నీకు మిషన్ చూసి పెట్టలేకపోతే ఎలా?

మన సెంటర్లో మూలనున్న పాత విండోస్ ఎక్స్‌పీ మిషన్‌ని చూసి నవ్వేవాడివి. అందులో ఉన్నది పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7. 2001లో వచ్చింది, ఆ తర్వాత పెద్ద వెర్షన్ రాలేదు. మన పాత శుభలేఖలు, కరపత్రాల ఫైళ్లన్నీ అందులోనే 'అను' తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. అందుకే దానికి నెట్ ఇవ్వకుండా అలాగే ఉంచాను. దాని పనికి అది చాలు.

నీ పనికి ఏం కావాలి? మొదటి ఏడాది డ్రాయింగు, సి ప్రోగ్రామింగు, పీడీఎఫ్‌లు. వీటికి ఏ లాప్‌టాప్ అయినా సరిపోతుంది. ఆ తర్వాత ప్లాన్లు గీసే ఆటోక్యాడ్, కట్టడం బలం లెక్కకట్టే స్టాడ్ ప్రో, భవనాన్ని 3డీ మోడల్‌గా కట్టే రెవిట్ వస్తాయి. మీ బావ మ్యాక్‌బుక్ తీసుకోమన్నాడట. ఆటోక్యాడ్‌కి మ్యాక్ వెర్షన్ ఉంది గానీ రెవిట్, స్టాడ్ ప్రో విండోస్ మీదే నడుస్తాయి. కాబట్టి ఆ మాట వదిలెయ్. ఆటోక్యాడ్, రెవిట్ రెండూ విద్యార్థులకి వాటి కంపెనీ ఆటోడెస్క్ ఉచితంగానే ఇస్తుంది. ఎవరి పెన్‌డ్రైవ్‌లోంచో క్రాక్ కాపీ ఎక్కించుకున్నావంటే ఊరుకోను.

షాపువాడు "ప్రాసెసర్ ఐ7 అండీ" అనగానే పడిపోకు. దాని నంబర్లో చివరి అక్షరం చూడు. ఐ7-1355యూ అనేది 15 వాట్ల చిప్. ఐ5-13420హెచ్ 45 వాట్లది. రెవిట్ లాంటి బరువు పని గంటలకొద్దీ నడిస్తే ఈ ఐ5 దమ్ము నిలుస్తుంది. యూ రకంలో బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, అది కూడా లాభమే. పైగా ఆ ఐ7 ఏ జనరేషనో చెప్పకుండా పాత స్టాకు అంటగట్టేవాళ్లున్నారు.

ర్యామ్ 16 జీబీ ఉండాలి. 8 కొని తర్వాత వేసుకుందాంలే అనుకోకు. పల్చటి మోడళ్లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, మార్చడం కుదరదు. మార్చగలిగినా, ఈ మధ్య ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ 512 జీబీ చాలు. దానికి రెండో స్లాటు ఉంటే మరీ మంచిది.

అందరూ వదిలేసేది స్క్రీన్. రోజంతా కళ్లు పెట్టి ప్రూఫులు చూసుకునేదాన్ని కాబట్టి నాకు దీని మీద పట్టుదల ఎక్కువే అనుకో. కొన్నిటిలో ర్యామ్ అయినా పెంచుకోవచ్చు, డిస్కు మార్చుకోవచ్చు, మసక స్క్రీన్‌తో మాత్రం నాలుగేళ్లూ కాపురం చెయ్యాలి. ఐపీఎస్ ప్యానెల్ అడుగు, అది పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం. వెలుతురు 300 నిట్స్ ఉండాలి, 250వి కిటికీ పక్కన కూర్చుంటే వెలవెలబోతాయి. షాపులో మూత సగం వాల్చి పక్కనుంచి చూడు, రంగులు మారిపోతే వద్దు. ఆటోక్యాడ్‌లో సన్న గీతలు చూసేవాడివి, నాలాగా ఇప్పట్నుంచే కళ్లద్దాలు ఎందుకు?

ఇక గ్రాఫిక్స్ కార్డు. ఆటోక్యాడ్‌లో ప్లాన్లు గీయడానికి ప్రత్యేకంగా అక్కర్లేదు. స్టాడ్ ప్రోకి ప్రాసెసర్ ముఖ్యం. రెవిట్ మోడల్‌ని లుమియన్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి నిజం ఫొటోలా రెండర్ చేసేటప్పుడు కార్డు కావాలి, అదీ మూడో ఏడాది మాట. మరి నీకు ఆటలే ఆడాలనుందా? ఉంటే ఉందని చెప్పు, ఆట కూడా అవసరమే, నేనేమీ అనుకోను. రెవిట్ పేరు చెప్పి మాత్రం అడగకు! గేమింగ్ లాప్‌టాప్‌లు చాలావరకు రెండు కిలోల పైనే ఉంటాయి, ఇటుకంత ఛార్జర్ వేరే. హాస్టల్ నుంచి క్లాసుకి రోజూ మోసేది నువ్వే. నన్నడిగితే హెచ్ ప్రాసెసర్, 16 జీబీ, మంచి స్క్రీన్, చిన్న కార్డు ఉంటే ఉంది, లేకపోతే లేదు.

కంపెనీ ఏదైనా సరే, నువ్వు చదివే కాకినాడలో సర్వీస్ సెంటర్ ఉందో లేదో ముందు కనుక్కో. ఆన్‌సైట్ వారంటీ అంటే మనిషి హాస్టల్‌కే వచ్చి చూస్తాడు, అది ఉంటే కొంచెం ఎక్కువైనా ఇద్దాం. విండోస్ 11 ఒరిజినల్‌గా వేసి ఉందో లేదో చూడు, 10కి 2025 అక్టోబర్‌తో మామూలు సపోర్టు ఆగిపోయింది. తక్కువకి ఇస్తాం అని విండోస్ వెయ్యనివి చూపిస్తారు, ఒప్పుకోకు.

నచ్చిన రెండు మోడళ్ల నంబర్లు చివరి అక్షరంతో సహా వాట్సాప్ చెయ్యి. శనివారం మధ్యాహ్నం లోపు పంపు, సాయంత్రం నుంచి శుభలేఖల పని ఉంది.

ఉంటాను,
అమ్మ