చెవికీ నోటికీ మార్కులు లేవా?

సంపాదకుల వారికి,

ఈమధ్య ఒక విశ్వవిద్యాలయానికి భాషాశాస్త్రం ఎం.ఏ. వైవా చేయడానికి ఎక్స్‌టర్నల్‌గా వెళ్లాను. ధ్వనిశాస్త్రం (మాటల్లోని ధ్వనులు ఎలా పుడతాయో, ఎలా వినిపిస్తాయో చెప్పే శాస్త్రం) పేపర్లో క్లాసు మొత్తానికి ఎక్కువ మార్కులు తెచ్చుకున్న అమ్మాయిని 'చాప', 'చేప' అని పలకమన్నాను. చక్కగా పలికింది. రెండింట్లో మొదటి హల్లు ఒకటేనా అమ్మా అంటే, "ఒకటే సార్, రెండూ చ కదా" అంది. చాప అన్నప్పుడు ఆమె నాలుక కొస పళ్ల వెనక తగిలింది. చేప అన్నప్పుడు ఇంకాస్త లోపలికి, అంగిలికి తగిలింది. ఈ తేడా చూపడానికే నిఘంటువుల్లో చాపలోని చకు ౘ అని వేరే అక్షరం వేశారు. తమాషా ఏమిటంటే, దంత్య (పళ్ల దగ్గర పలికే) చకారం, తాలవ్య (అంగిలి దగ్గర పలికే) చకారం నిర్వచనాలు ఆమె జవాబు పత్రంలో పొల్లుపోకుండా ఉన్నాయి.

ఆమెను ఏమీ అనలేం. నోట్సు చెప్పింది మేమే, మూడు గంటల రాత పరీక్ష పెట్టిందీ మేమే. మూడు మార్కుల ప్రశ్నకు నాలుకతో పనేముంది?

1886లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం ఇచ్చే సర్టిఫికెట్‌కు రాతతో పాటు డిక్టేషన్, నోటి పరీక్ష కూడా ఉంటాయి. డిక్టేషన్ అంటే పరీక్షకుడు పలికింది విని ధ్వని గుర్తుల్లో రాయడం. అందులో అర్థంలేని మాటలు కూడా చదువుతారు. తెలిసిన మాటైతే చెవి పని స్పెల్లింగే చేసేస్తుంది మరి.

ఇక్కడ పెట్టమంటే టైమ్ లేదంటారు. డిక్టేషన్ క్లాసంతటికీ ఒకేసారి పెట్టొచ్చు, అరగంట పని. నోటి పరీక్షకు మనిషికి ఐదు నిమిషాలు చాలు. మార్కుల్లో పక్షపాతం వస్తుందన్న మాట మాత్రం నిజం. ఇంటర్నల్స్‌లో ఇరవైకి ఇరవై పంచిపెట్టే అలవాటు మనకు కొత్తేమీ కాదు. అందుకే ప్రతి విద్యార్థి గొంతూ రికార్డు చేసి, ఇద్దరు విడివిడిగా విని మార్కులు వేయాలి. రీవాల్యుయేషన్ అడిగితే మూడోవారికి వినిపించవచ్చు. ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. ధ్వని బొమ్మను తెరమీద చూపిస్తుంది, వాదన వస్తే అదీ పనికొస్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. శ్రీకాకుళం, నల్గొండ పిల్లల యాసకు మార్కులు కోయడానికి దీన్ని వాడకూడదు. కోస్తాలో 'వచ్చాడు' అన్నప్పుడు చ్చ తర్వాత వినిపించే అచ్చు 'ఆ' కాదు, 'ఏ' కూడా కాదు. దానికి మన లిపిలో అక్షరమే లేదు. అక్కడి అచ్చును విద్యార్థి విని పట్టుకున్నాడా లేదా అన్నది పరీక్ష. అలా పలకడం ఒప్పా తప్పా అన్నది కాదు.

సిలబస్ కమిటీలు వచ్చే విద్యా సంవత్సరానికైనా ఈ పేపర్లో నూటికి 40 మార్కులు వినడానికీ పలకడానికీ కేటాయించాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, వరంగల్