‘పంక్’ను వదిలేసిన సైబర్‌పంక్

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో ‘సైబర్‌పంక్’ గురించి వచ్చిన వ్యాసం చదివాను. వానకు తడిసిన రోడ్డు, దాని మీద గులాబీ, నీలి రంగుల నియాన్ వెలుగు, నల్ల కళ్లద్దాల కుర్రాడు ఉన్న బొమ్మ బాగుంది. అయితే వ్యాసం మొదట్లో దాన్ని ఒక అలంకరణ పద్ధతిగా, చివర్లో సైబర్ నేరాలకు మరో పేరుగా రాయడంతో, ఇంటర్ చదివే మా మనుమరాలు ‘తాతా, ఇంతకీ ఇది గోడకు వేసే రంగా, పోలీసులు పట్టుకునే పనా?’ అని అడిగింది. ముప్పై ఏండ్లు పాలిటెక్నిక్ విద్యార్థులకు ఎలక్ట్రానిక్స్ బోధించిన అలవాటు కొద్దీ ఆమెకు కాస్త పెద్ద జవాబే చెప్పాను. దాన్నే మీకూ రాస్తున్నాను.

గ్రీకు భాషలో ఓడ చుక్కాని పట్టేవాణ్ని సూచించే మాటను తీసుకుని అమెరికన్ గణిత శాస్త్రవేత్త నోర్బర్ట్ వీనర్ 1948లో ‘సైబర్నెటిక్స్’ అనే శాస్త్రానికి పేరు పెట్టాడు. ప్రాణుల్లోనూ యంత్రాల్లోనూ అదుపు, సమాచారం ఎలా పనిచేస్తాయన్నది దాని విషయం. ‘సైబర్’ అన్న ముక్క అక్కడి నుంచి వచ్చింది. ఇక ‘పంక్’ అంటే పనికిమాలినవాడు, పోకిరి అని ఇంగ్లీషులో పాత తిట్టు. 1970లలో కొందరు సంగీతకారులు ఆ తిట్టునే బిరుదులా తగిలించుకున్నారు. ఈ రెంటినీ అతికించి బ్రూస్ బెత్కీ అనే అమెరికన్ రచయిత 1980లో తాను రాసిన ఒక కథకు పేరు పెట్టాడు. అది అచ్చయింది మాత్రం 1983 నవంబరులో. కంప్యూటర్ చేతికి దొరికిన, పెద్దల అదుపులో లేని పిల్లల కథ అది. 1984 చివర్లో గార్డ్నర్ డోజ్వా అనే సంపాదకుడు సైన్స్ కథలు రాసే కొత్త రచయితల బృందం ఒకదానికి ఈ పేరు వాడుతూ వ్యాసం రాశాకే మాట నలుగురి నోళ్లలో పడింది. ఆ వ్యాసం వచ్చింది ఒక దినపత్రికలోనే అని మీకు గుర్తు చేయడం నాకు సరదాగా ఉంది.

ఆ బృందంలో ముఖ్యుడు విలియం గిబ్సన్. కంప్యూటర్ల వలలోని ఊహా లోకానికి ‘సైబర్‌స్పేస్’ అన్న మాటను 1982లో పుట్టించిన ఈయన, 1984లో వచ్చిన తన తొలి నవలను మామూలు టైప్‌రైటర్ మీద కొట్టాడు. అంతకు ముందటి సైన్స్ కథల్లో రాకెట్లు ఎక్కే శాస్త్రవేత్తలు, గ్రహాలను ఏలే ప్రభువులు ఎక్కువ. వీళ్ల కథల్లో మాత్రం అప్పులపాలైనవాళ్లు, దొంగ సరుకు మోసేవాళ్లు, కంపెనీల సమాచారం దొంగిలించి పొట్ట పోసుకునేవాళ్లు నాయకులు. యంత్రం ఎంతో ఎదుగుతుంది, మనిషి బతుకు మాత్రం అడుగునే ఉంటుంది. ప్రభుత్వాల కంటే కంపెనీలు బలిసిపోతాయి. మీరు వేసిన బొమ్మలోని జపాన్ అక్షరాలు కూడా అందం కోసం వచ్చినవి కావు. 1980లలో జపాన్ కంపెనీలు తమ ఆస్తులన్నీ కొనేస్తాయని అమెరికాలో పుట్టిన గుబులు అలా బోర్డులకెక్కింది. కారణం పోయి బోర్డు మిగిలింది.

నేరం సంగతికి వస్తే, మీ వ్యాసకర్త చేసిన పొరపాటు ఇదివరకే ఒకసారి కోర్టు దాకా వెళ్లింది. 1990 మార్చి 1న అమెరికా సీక్రెట్ సర్వీస్ వాళ్లు టెక్సాస్‌లో ఒక ఆటల ప్రచురణ సంస్థ మీద దాడి చేసి కంప్యూటర్లతో పాటు సైబర్‌పంక్ ఆట పుస్తకం రాతప్రతినీ పట్టుకుపోయారు. అది కంప్యూటర్ నేరాలకు చేతిపుస్తకమని వాళ్ల అనుమానం. పాచికలు వేసి ఆడుకునే ఆట అది! 1993లో న్యాయస్థానం ఆ సంస్థకు నష్టపరిహారం ఇప్పించింది. కంప్యూటర్ వాడేవారి పౌరహక్కుల కోసం ఒక సంస్థ 1990లోనే పుట్టడానికి ఇలాంటి దాడులే ప్రేరణ. తమ ఉత్తరాలను ఇతరులు చదవలేని సంకేత లిపిలో పంపుకోవడం పౌరుడి హక్కు అని వాదించిన ‘సైఫర్‌పంక్’లు 1992లో ఒక్కటయ్యారు. ఆ వాదనకు మూలమైన గోప్యత మన దేశంలో ప్రాథమిక హక్కేనని తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చింది 2017 ఆగస్టు 24న. సైబర్‌పంక్ అంటే నేరం కాదు, ఒక రకం కథలూ, ఒక పద్ధతిగా ఆలోచించే మనుషుల సమూహమూ అని చెప్పడానికే ఇదంతా.

ఆ ఆలోచన ఏమిటో చూడటానికి నియాన్ దీపాల నగరాలకు పోనక్కరలేదు. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉంది. మంచం పట్టేంత వెడల్పు కూడా ఉండదు. అక్కడి కుర్రాడు నీళ్లలో పడి చచ్చిన ఫోన్ బోర్డును క్లిప్పుకు బిగించి, ఫ్లక్స్ రాసి, హాట్ ఎయిర్ గన్ తిప్పుతూ, బియ్యపు గింజంత ఐసీని (చిప్పును) ట్వీజర్‌తో లేపి, స్క్రాప్ ఫోన్‌లోంచి తీసిన ఇంకో ఐసీని అదే చోట కూర్చోబెడతాడు. నా డిప్లొమా విద్యార్థుల్లో పదిమందికి కూడా ఆ చెయ్యి లేదు. అదే కుర్రాడు కొన్ని ఖరీదైన ఫోన్లకు వేరే డిస్‌ప్లే వేస్తే, అది చక్కగా వెలుగుతున్నా, ఈ భాగం అసలుదో కాదో తెలియదన్న హెచ్చరిక తెర మీదికి వస్తుంది. డబ్బు కట్టింది మనం, ఫోన్ ఉన్నది మన జేబులో, చుక్కాని ఇంకెవరి చేతిలోనో. కంపెనీ ఊహించని పనికి దాని సరుకును వాడుకునే ఆ కుర్రాడే నా లెక్కలో పంక్.

ఇంకొకటి. కొత్తవాడ వైపు ఒక రేషన్ దుకాణంలో నా ముందు నిలబడ్డ ముసలావిడ ఈ-పాస్ మిషన్ మీద వేలు పెడితే అది తీసుకోలేదు. చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది, వేలు మార్చి పెట్టింది. ‘అవ్వా, గట్టిగ ఒత్తు’ అన్నాడు డీలరు. ‘జంపఖానాలు నేసి నేసి అరిగిన వేలు బిడ్డా, ఒత్తితే గీతలొస్తయా?’ అన్నదామె. కాసేపటికి కంటిపాపను చూసే పరికరం ఆమెను ఒప్పుకుంది, బియ్యం ఇచ్చారు. డీలరు తప్పేమీ లేదు, మిషన్ వల్ల దొంగ కార్డులు తగ్గాయనీ నేను నమ్ముతాను. అయినా ఆ పావుగంట సేపు, వాడలో అందరూ ఎరిగిన మనిషి తాను తానేనని డబ్బాకు రుజువు చేసుకోవలసి వచ్చింది. నలభై ఏండ్ల కింద ఆ రచయితలు ఊహించిన దృశ్యం సరిగ్గా ఇదే, వాన ఒక్కటే తక్కువ.

వాళ్లను నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. 1986లో ఆ బృందం వెలువరించిన ప్రసిద్ధ సంకలనంలో ఉన్న రచయిత్రి ఒక్కరే, పాట్ కాడిగన్. కంపెనీల మీద కసితో పుట్టిన మాట ఇప్పుడు కంపెనీలే అమ్మే ఆటలకు, చొక్కాలకు పేరైంది.

వచ్చే అనుబంధంలో నేరాలకు సంబంధించిన ఆ రెండు వాక్యాలనైనా సవరించగలరు. వీలైతే మీ ఫొటోగ్రాఫర్‌ను చౌరస్తాకు పంపండి; సాయంత్రం ఆరు దాటాక అయితే కుర్రాడికి గిరాకీ ఎక్కువ, మాట్లాడడు, పొద్దున రమ్మనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
హనుమకొండ